ఎవరి పిల్లో చెప్పని కామాక్షి

మొన్న మా తమ్ముడి కూతురి పెళ్లికి జాకెట్టు గుడ్డలు తేవడానికి నంద్యాల బజారుకు వెళ్లాను. అంగడాయన తాను విప్పి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని పర్రుమని చించాడు. కొత్త గుడ్డ గంజి వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఇప్పటి పెద్ద షోరూముల్లో ఆ చప్పుడూ లేదు, ఆ వాసనా లేదు. అక్కడ ఏసీ చలి, మేడమ్ మేడమ్ అంటూ వెంటపడే పిల్లలు. పాత అంగడి కాబట్టి ఇక్కడ ఇంకా మిగిలింది. నాకు తెలియకుండానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంగడాయన కంగారుపడిపోయి, "ఏం మ్మా, రంగు నచ్చలేదా? ఇంకోటి తీస్తాలే" అన్నాడు. ఏడుపులో నవ్వొచ్చింది. "నచ్చిందిలేప్పా, కట్టు" అన్నాను. డిగ్రీ చదివే రోజుల్లో నా పక్క మంచంలో పడుకున్న కామాక్షి చేతులకు ఎప్పుడూ ఆ గంజి వాసనే ఉండేది. ఆమె పోయి ఏడాది కూడా కాలేదు.

ఆమె గురించి మీకు తెలిసే అవకాశం లేదు. ఆమె పేరు పేపర్లో పడలేదు, ఆమె ఏ సభలోనూ మాట్లాడలేదు. మా ఊరు గడివేముల దగ్గర. అమ్మా నాయనా కూలికి పోయి నన్ను చదివించారు. చర్చిలో అయ్యగారు ఒక మాట సాయం చేస్తే నంద్యాలలో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీలో స్కాలర్‌షిప్ మీద సీటు, హాస్టల్లో ఒక మంచం దొరికాయి. ఆ పక్క మంచం కామాక్షిది. ఆళ్లగడ్డ పిల్ల. ఉతికి ఉతికి రంగు వెలిసిన చుడీదార్లు, తెగితే కుట్టించుకున్న చెప్పులు, రేకు పెట్టె. నాకంటే బీదపిల్ల అనుకుని మొదటి వారమే మా అమ్మ చేసిచ్చిన నువ్వుల ఉండల్లో సగం ఆమె చేతిలో పెట్టాను. వద్దనలేదు. కూర్చుని హాయిగా తిని, "మీ అమ్మ చెయ్యి మంచిది సుగుణా" అంది. తరవాత నిజం తెలిసినప్పుడు ఆ ఉండల మాట ఎత్తి నేను ఎంత దెప్పానో లెక్కలేదు.

సాయంత్రం కాలేజీ వదలగానే ఆమె బజారులో ఒక బట్టల అంగడికి పనికి పోయేది. ఆదివారం పొద్దంతా అక్కడే. నేను బైబిలు పట్టుకుని చర్చికి బయల్దేరితే ఆమె జడ బిగించుకుని అంగడికి బయల్దేరేది. "నీ దేవుడు వారానికి ఒకసారి పిలుస్తాడు, మా శెట్టి రోజూ పిలుస్తాడు" అని నవ్వేది. అక్కడ ఆమె పని ఊడవడం, వాకిట్లో నీళ్లు చల్లడం, బేరానికి వచ్చినవాళ్లు కుప్పపోసి పోయిన చీరలను మళ్లీ మడత పెట్టడం. గల్లా పెట్టె జోలికి పోకూడదు. శెట్టి ముసలాయన, మాట తక్కువ మనిషి. పెళ్లిళ్ల కాలంలో అంగడి మూసేసరికి చీకటిపడితే, ఆడపిల్ల ఒంటరిగా నడవకూడదని తన స్కూటరు మీద తెచ్చి మా హాస్టల్ సందు మొదట్లో దింపి వెళ్లేవాడు. సందు ఇరుకు, స్కూటరు తిప్పుకోవడం కష్టం. అందుకని మొదట్లోనే దింపేవాడు. ఇంత చిన్న విషయాన్ని కూడా ఇప్పుడు నేను విడమరిచి చెప్పాల్సి వస్తున్నది, ఎందుకంటే ఆమె బతుకు ఆ సందు మొదట్లోనే చెడింది.

రెండో ఏడాదిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, ఆమె నన్ను ఆళ్లగడ్డకు తీసుకుపోయింది. అంగడి పని మీదే. ఒక శిల్పి ఇంట్లో పెళ్లికి బట్టల మూట అందజేయాలి. శిరివెళ్ల దాటేదాకా బస్సులో నిలబడే ఉన్నాం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రాళ్లు చెక్కే ఉలి చప్పుళ్లు, గాలిలో తెల్లటి రాతి పొడి. మూట ఇచ్చేసి వస్తూ ఒక సోడా బండి దగ్గర ఆగింది. ఎదురుగా వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే ఇల్లు. ఇత్తడి పూలు కొట్టిన తలుపులు, పక్కన కారు, వెనక పత్తి లారీలు. అరుగు మీద ఒక పెద్దాయన తెల్ల పంచెలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

"ఎవరిల్లు మే అది?" అన్నాను.

"మాదే" అంది కామాక్షి, సోడా గుటక వేసి. "ఆయప్ప మా అబ్బ, మా నాయనకు నాయన."

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. అరుగు మీది పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకుని తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

"మరి ఈడ నిలబడి సోడా తాగుతాండావేందీ? లోపలికి పోదాం పా!"

"పండగలకే పోవాల. ఈరోజు అంగడి పని మీద వచ్చినా గదా."

తిరుగు బస్సులో అంతా చెప్పింది. నాయన ఆమె చిన్నప్పుడే పోయాడు. పత్తి మిల్లు, వడ్ల మిల్లు, ఊళ్లో సగం గోదాములు అన్నీ అబ్బవే, ఆయన తరవాత ఆమెవే. వాళ్ల ఇళ్లల్లో ఒక కట్టుబాటు ఉంది. మగపిల్లవాడిని సొంత అంగట్లో కూర్చోబెట్టే ముందు, పరాయి ఊళ్లో పరాయి అంగట్లో కొన్నేళ్లు పనికి పెడతారు. గుమాస్తా బిడ్డ ఎట్లా బతుకుతాడో అట్లాగే బతకాలి. ఎవరి బిడ్డో అతను చెప్పకూడదు, పెట్టుకున్న శెట్టీ చెప్పకూడదు. గడువు తీరాక ఇంటి పెద్ద వచ్చి, శెట్టికి కొత్త బట్టలు పెట్టి, అందరి ముందూ "వీడు మావాడు" అని చెప్పి తీసుకుపోతాడు. అంతవరకూ ఆ మాట శెట్టి నోటి నుంచి రావడం పెద్ద అప్రతిష్ఠ.

"ఎవురి బిడ్డో చెబితే చీపురు చేతికియ్యరు సుగుణా, కుర్చీ వేస్తారు. కుర్చీలో కూచుంటే ఏం తెలుస్తాది?" అంది. ఆడపిల్లకు ఈ కట్టుబాటు ఏమిటని అబ్బ కొట్టిపారేశాడట. మిల్లు నాది కావాలంటే చీపురు కూడా నాదే కావాలని ఆమె పట్టుబట్టి సాధించుకుంది. కాలేజీ కాగితాల్లో కూడా పోయిన నాయన పేరే రాసింది, ఇంటి సంగతి రాయలేదు. డిగ్రీ పరీక్షలు అయిపోగానే గడువు తీరుతుంది. ఆ రోజు నుంచి ఆ రహస్యం నా దగ్గర కూడా ఉంది. రూములో ఎవరూ లేనప్పుడు "ఏం దొరసానీ" అని పిలిచి ఏడిపించేదాన్ని. దిండు తీసి విసిరేది.

ఇక ప్రిన్సిపాల్ సారు సంగతి. బయట ఆయనకు మంచి పేరు. తెల్లచొక్కా, మెత్తని మాట, ప్రతి సభలోనూ ఆడపిల్లల చదువు గురించి ఉపన్యాసం. లోపల ఆయనకొక అలవాటు ఉండేది. ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా స్కాలర్‌షిప్ పిల్లలను పిలిపించుకునేవాడు. కూరగాయలు తరగాలి, అంట్లు తోమాలి, విస్తళ్లు ఎత్తాలి. అడిగే దిక్కులేని పిల్లలనే ఏరుకునేవాడు, ఆ ఏరుకోవడంలో ఎప్పుడూ పొరపాటు పడేవాడు కాదు. మూడో ఏడాది ఆయన కూతురి ఓణీల పండగకు నా వంతు వచ్చింది. మరుసటి రోజు నాకు పరీక్ష. వరండాలో అందరి ముందూ, "సాయంత్రం ఇంటికి రా, పనుంది" అన్నాడు. నేను తలూపబోయాను. వెనక నుంచి కామాక్షి గొంతు వినిపించింది.

"రేపు పరీక్ష ఉంది సార్ ఆమెకు. మేము ఈడికి చదువుకోను వచ్చినాం, మీ ఇంట్లో అంట్లు తోమను కాదు."

అరుపు లేదు, పొగరు లేదు. అంగట్లో ఈ రంగు లేదండీ అని చెప్పినట్టు చెప్పింది. సారు ముఖం మాడిపోయింది. లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ సాయంత్రం చదువుకున్నాను, పరీక్ష బాగా రాశాను. ఈరోజు నేను లెక్చరర్‌నంటే ఆ ఒక్క సాయంత్రం వల్లే అని అనను. కానీ నా తరఫున ఒక మనిషి నోరు తెరవడం నా బతుకులో అదే మొదటిసారి. మా చర్చి అయ్యగారు నా కోసం బతిమాలారు. కామాక్షి బతిమాలలేదు.

కొద్ది రోజులకే పుకారు లేచింది. కామాక్షి ఒక ముసలి షావుకారుతో తిరుగుతోందట. చీకటిపడ్డాక స్కూటరు మీద వస్తోందట. గేటు దాకా రాకుండా సందు మొదట్లోనే దిగుతోందట, భయం లేకపోతే ఎందుకలా దిగుతుంది? ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. దాన్ని పెంచి పోషించింది మాత్రం సారే. ఆమెను రోజూ క్లాసులు మారే వేళకు తన గది ముందు వరండాలో నిలబెట్టడం మొదలుపెట్టాడు. పక్కన పోయే పిల్లలు చున్నీలు దగ్గరకు లాక్కుని పోయేవాళ్లు. తప్పు చేశానని రాసిచ్చి సంతకం పెడితేనే హాల్‌టికెట్ ఇస్తానన్నాడు. ఆమె పుస్తకం తెరుచుకుని నిలబడే చదువుకునేది. మొదటి రోజే నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. సారు బయటకొచ్చి చూసి, మెత్తగా, "సుగుణా, నీ స్కాలర్‌షిప్ కాగితం నా బల్ల మీదే ఉందమ్మా" అన్నాడు. కామాక్షి మోచేత్తో నన్ను తోసింది.

"పో ఈన్నుంచి. నాకు చెప్పుకోవాలంటే ఒక మాట ఉంది. నీకు ఆ మాట లేదు. పో మే!"

ఆమె అట్లా కసిరింది నా మీద ప్రేమతోనే. నేను సారు గదిలోకి వెళ్లి, ఆమె అంగట్లో పనికి పోతుంది సార్, నేను కళ్లారా చూశాను అని చెప్పాను. "నువ్వూ పోతాండావా అంగడికి?" అని అడిగాడు. ఆ అడగడంలోని నీచం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తరవాత ఒకరోజు సారు స్వయంగా అంగడికి వెళ్లాడు. కామాక్షి అక్కడే చీరలు మడతపెడుతోంది. "ఈ పిల్ల మీకేమవుతాది?" అని అడిగాడట. "మా అంగట్లో పనిచేస్తాది సార్" అన్నాడు శెట్టి. "ఎవరి పిల్ల?" శెట్టి తల దించుకున్నాడు. "అది చెప్పేదానికి లేదు సార్." ఎందుకు లేదని గద్దించాడు. "మాట ఉంది సార్. నన్ను అడగొద్దండి." మళ్లీ మళ్లీ అడిగాడు. శెట్టి ఆ మాటే తిప్పి తిప్పి చెప్పాడు. సారు చిరునవ్వుతో తిరిగి వచ్చాడు. ముసలాయనే నీళ్లు నమిలాడని, ఇంకేం రుజువు కావాలని స్టాఫ్‌రూములో చెప్పాడు. పాపం, శెట్టి మాత్రం ఆ సాయంత్రం కామాక్షికి బొరుగుల పొట్లం తెప్పించి ఇచ్చి, "ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు మ్మా, మీ అబ్బ మాట నిలబెట్టినా" అన్నాడట. ఆయన దృష్టిలో అది ఆ పిల్లకు తాను చేసిన గొప్ప మేలు. ఆమె మాత్రం ఏమంటుంది? బొరుగులు తీసుకుని రూముకు వచ్చి, నా మంచం మీద కూర్చుని, అవి చేతిలో పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఒక్క మాట చెప్పు కామాక్షీ. ఫలానా ఆయన మనవరాలినని చెప్పు. సారు నీ కాళ్లు పట్టుకుంటాడు" అని బతిమాలాను.

"అది తెలిసే చెప్పను" అంది. "చెబితే నన్ను వదిలిపెడతాడు. నేను తప్పు చేయలేదని కాదు, మిల్లు ఉందని. మళ్ల సంవత్సరం మిల్లు లేని పిల్లను ఆడ నిలబెడతాడు. ఆ పిల్ల ఏం చెప్పుకుంటాది?"

నాకు కోపం వచ్చింది. ఆమె నీతి ఆమెది, నా స్నేహం నాది. పరీక్షలు నెత్తి మీదకు వచ్చాయి, అందరికీ హాల్‌టికెట్లు ఇచ్చేశారు, ఆమెకు ఇవ్వలేదు. పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆ ఇత్తడి పూల తలుపు ముందు నిలబడి, అరుగు మీది పెద్దాయనకు ఏదీ దాచకుండా చెప్పేశాను. ఇప్పటికీ అది తప్పనుకోను. ఆయన అంతా విని, "నా బిడ్డను వరండాలో నిలబెట్టినాడా?" అన్నాడు. లేచి కారు తీయమన్నాడు. దారిలో నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

ఆయనను చూడగానే సారు కుర్చీలోంచి లేచిన తీరు చూడాలి. పోయిన ఏడాదే చందా కోసం ఆ అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి వచ్చాడట. కుర్చీ లాగాడు, టీ తెమ్మని కేకేశాడు. సంగతి తెలిశాక చేతులు జోడించాడు.

"తెలియక జరిగింది పెద్దాయనా. మీ మనవరాలని తెలిసుంటే ఇట్లా జరిగేదా?"

"నా మనవరాలు కాకపోయింటే జరగొచ్చునా అప్పా?" అన్నాడు అబ్బ. ఆయన కూర్చోలేదు.

సారు కామాక్షిని పిలిపించాడు. ఆమె అబ్బను చూసింది, ఆయన వెనక నన్ను చూసింది. సారు హాల్‌టికెట్ తన చేత్తోనే అందించాడు, "మనసులో పెట్టుకోవద్దమ్మా" అంటూ. ఆమె చెయ్యి చాపలేదు.

"సార్, నన్ను ఆ వరండాలో నిలబెట్టినారు. అదే వరండాలో, మా అబ్బ పేరు తీయకుండా, నా మీద చెప్పింది అబద్ధమని చెప్పండి. అప్పుడు తీసుకుంటా."

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకమ్మా? నువ్వు ఎవరివో నేనే అందరికీ చెబుతా. చెబితే నోళ్లు వాటంతటవే మూతపడతాయి."

"నేనెవురో కాదు సార్. అబద్ధమని చెప్పండి."

సారు చెప్పలేదు. ఆయనకు అది చేతకాలేదు. పెద్దింటి మనవరాలికి ఎన్నిసార్లయినా దండం పెట్టగలడు గానీ, అంగట్లో ఊడ్చే పిల్ల విషయంలో అబద్ధమాడానని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. కామాక్షి హాల్‌టికెట్ బల్ల మీదే వదిలేసి రూముకు వచ్చి రేకు పెట్టె సర్దుకుంది. నేను కాళ్లావేళ్లా పడ్డాను. అబ్బ కూడా రాయమ్మా, పరీక్ష రాయమ్మా అన్నాడు. రాయలేదు. ఆ ఏడాదే కాదు, ఆ తరవాత ఎప్పుడూ రాయలేదు. నా మీద కోపమా అని అడిగితే, "నీకు నా మీద ప్రేమ ఎక్కువ, అంతే" అంది. ఆ మాటతో నన్ను క్షమించిందో, దెప్పిందో తెలియదు. అబ్బ ఆ సాయంత్రం అంగడికి వెళ్లి శెట్టికి బట్టలు పెట్టాడు. శెట్టి వాటిని తీసుకోలేక నేల మీద కూలబడ్డాడు. "నీ తప్పేం లేదప్పా. ఈ కట్టుబాటు నాతోనే ఆఖరు" అన్నాడు అబ్బ. వాళ్ల ఇంట మళ్లీ ఎవరినీ పరాయి అంగడికి పంపలేదు.

ఇంత జరిగాక పుకారు పోయిందా? పోలేదు, ముదిరింది. ఆమె ఎవరో తెలిసేసరికి నంద్యాలలో మాట మారింది. "ఓహో, దుడ్లున్నోళ్లు గదా, పెట్టి మూయించినారు" అన్నారు. బీదపిల్ల అనుకున్నప్పుడు అందుకే చెడిందన్నారు, కలిగినపిల్ల అని తెలిశాక అందుకే దాచారన్నారు. కామాక్షి మిల్లు చూసుకుంది, బాగా చూసుకుంది. పనికి వచ్చే ఆడవాళ్లను ఎవరి భార్యవు, ఎవరి కూతురివి అని మేస్త్రీలు అడిగితే ఒప్పుకునేది కాదు. నంద్యాలకు మాత్రం మళ్లీ రాలేదు. నన్ను చూడాలనిపిస్తే శిరివెళ్ల దాకా వచ్చి కబురుచేసేది. బస్టాండు దగ్గర టీ తాగుతూ గంటలు గంటలు కూర్చునేవాళ్లం. నేను ఎం.ఏ. చేశాను, లెక్చరర్‌నయ్యాను. ప్రతిసారీ నా క్లాసు పిల్లలు ఏం చదువుతున్నారో, ఏ పాఠం చెబుతున్నానో విడువకుండా అడిగేది. ఆ ఆత్రం చూస్తే నా గుండె చెరువయ్యేది.

పోయిన వానాకాలంలో జబ్బు చేసి, చాలా త్వరగా పోయింది. ఆళ్లగడ్డకు పరుగెత్తాను. మిల్లు ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు. నేను వీధిలో ఒక పక్కన నిలబడి ఉంటే, నీళ్ల డ్రమ్ము దగ్గర ఇద్దరు మగవాళ్ల మాటలు వినపడ్డాయి. "ఈమేనా, ఆ నంద్యాల షావుకారు కథ?" "ఈమేలే." ఆమె శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నా ఒళ్లు మండిపోయింది. దగ్గరకు పోయి, "అబద్ధం. ఆమె ఆ అంగట్లో పనిచేసింది. అంతకు మించి ఏమీ లేదు. నేను ఆమె రూములో ఉన్నదాన్ని" అన్నాను. గొంతు పెద్దదయినట్టుంది, ఏడ్చేవాళ్లు కూడా ఆగి చూశారు. వాళ్లిద్దరూ తల దించుకున్నారు.

మా కాలేజీలో ఏ పిల్ల మీదైనా ఫిర్యాదు వస్తే మీ నాన్న ఏం చేస్తాడని నేను అడగను. ఏం జరిగిందో చెప్పమంటాను. పుకారు పట్టుకొచ్చిన లెక్చరర్లను ఆ పిల్ల ముందే ఆ మాట అనమంటాను, సగం మంది అక్కడే ఆగిపోతారు. తోటివాళ్లకు నేనంటే కొంచెం భయం, కొంచెం విసుగు. ఉండనీ. ఇంత రాశాను గానీ ఆ అబ్బ పేరు, ఆ మిల్లు పేరు ఎక్కడా రాయలేదు. కామాక్షి అడిగింది అదే కదా. పెద్ద పేరేదీ అడ్డం పెట్టకుండా చెప్పమని అడిగింది. చెప్పాల్సిన మనిషి చెప్పకుండానే రిటైరయిపోయాడు. వినాల్సిన మనిషీ పోయింది. అయినా నేను చెబుతాను. నంద్యాలలో బట్టల అంగడి ఊడ్చి చదువుకున్న కామాక్షి అనే పిల్ల మీద చెప్పిందంతా అబద్ధం.